మేడ్చల్ గోడౌన్ నుంచి మన గుమ్మం దాకా

సుచిత్ర చౌరస్తా దాటి కొంపల్లి మీదుగా నాగపూర్ హైవేలో పోతుంటే హైదరాబాద్ మెల్లగా పలచబడుతుంది. ఫంక్షన్ హాళ్లు, ధాబాలు, బండ్ల షోరూములు వెనకబడ్డాక కండ్లకోయ దగ్గర ఔటర్ రింగు రోడ్డు అడ్డం వస్తుంది. అది దాటిన దగ్గర్నుంచి అటూ ఇటూ కిటికీలు లేని పొడవాటి షెడ్లు మొదలవుతాయి. నీలిరేకుల కప్పు, బూడిదరంగు గోడ, గోడ పొడవునా షట్టర్లు, ఒక్కో షట్టర్‌కు వెనకభాగం ఆనించి నిలబడ్డ కంటైనర్ లారీలు. చాలావాటికి బోర్డు ఉండదు. మనం ఫోన్లో వేలు నొక్కి కొనే సబ్బు నుంచి సైకిల్ దాకా ఇలాంటి షెడ్లలోనే మన ఆర్డర్ కోసం కాచుకుని ఉంటాయి.

మేడ్చల్ బస్టాండు ఎదుట చాయ్ హోటల్ నడిపే పెద్దాయన గల్లాపెట్టె దగ్గర కూర్చునే ఈ నేల చరిత్ర చెప్పేశాడు. "గీ రోడ్డు పొంటి అంతా ద్రాక్ష తోటలుండె సార్. ఎండకాలం వచ్చిందంటే బండ్లకు బండ్లు పట్నం పోతుండె. ఇప్పుడు తోట లేదు, తోట అమ్ముకున్నోడు గూడ ఊర్ల లేడు." ఆయన మాటలో అతిశయోక్తి లేదు. హైదరాబాద్ చుట్టుపక్కల పండిన అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకు ఒకప్పుడు పెద్ద పేరు. మేడ్చల్, శామీర్‌పేట వైపు పందిళ్లు ఉన్న రోజులు గుర్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు. పందిరి గుంజలు పాతిన నేలలోనే ఇప్పుడు ఇనుప స్తంభాలు దిగాయి.

ఈ షెడ్లు ఇక్కడికే ఎందుకొచ్చాయో తెలియాలంటే పన్నుల సంగతి కొంచెం చెప్పుకోవాలి. జీఎస్టీ మొదలైన 2017 జులై 1కి ముందు రాష్ట్రం దాటి సరుకు అమ్మితే కేంద్ర అమ్మకపు పన్ను పడేది. అదే కంపెనీ తన గోడౌన్ నుంచి ఇంకో రాష్ట్రంలోని తన గోడౌన్‌కే తరలిస్తే ఆ పన్ను లేదు. అందుకని పెద్ద కంపెనీలు రాష్ట్రానికొక చిన్న గోడౌన్ పెట్టుకునేవి. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక హైదరాబాద్ గోడౌన్ ఒక్కటే చాలక విజయవాడలో మరొకటి తెరిచినవీ ఉన్నాయి. జీఎస్టీ వచ్చాక ఆ బెడద తగ్గింది. చిన్నవి నాలుగు మూసేసి పెద్దది ఒకటి కట్టుకోవడం లాభసాటి అయింది. ఆ పెద్దది ఎక్కడ కట్టాలంటే, శ్రీనగర్ నుంచి కన్యాకుమారి పోయే 44వ నంబరు జాతీయ రహదారీ 158 కిలోమీటర్ల ఔటరూ కలిసే చోటును మించింది దొరకదు. ఔటర్ పట్టుకుని పోతే పుణె నుంచి మచిలీపట్నం పోయే 65వ నంబరు రహదారి అందుతుంది. శంషాబాద్, పటాన్‌చెరు వైపు షెడ్లు లేచిందీ ఈ లెక్క మీదనే.

లెక్క కంపెనీలకు కుదిరింది. ఆ లెక్కలో మనుషులు ఎక్కడున్నారో చూడాలనే దసరా సీజన్ ముందు నేను ఇక్కడికి వచ్చాను.

గేటు దాటాక

పండుగ అమ్మకాలు మొదలయ్యే ముందు గోడౌన్లకు చేతులు చాలవు. దేశంలో ఈ దసరా, దీపావళి ఆన్‌లైన్ అమ్మకాల హోరు 2014 అక్టోబరులో ఫ్లిప్‌కార్ట్ 'బిగ్ బిలియన్ డే'తో పెద్ద ఎత్తున మొదలైంది. అప్పట్నుంచి ఏటా ఈ రోజుల్లో తాత్కాలిక పనివాళ్ల కోసం ఏజెన్సీలు ఊళ్లకు ఊళ్లు గాలిస్తాయి. మేడ్చల్‌లో ఒక జిరాక్స్ షాపు పైన ఉన్న గదిలో నా పేరు రాసుకున్నారు. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ నకలు, రెండు ఫొటోలు. చదువు సంగతి ఎవరూ అడగలేదు. రాసుకునే కుర్రాడు నా తల నెరుపు చూసి ఒక్కటే అడిగాడు: "కూసునే పని కాదు సార్. పొద్దంతా నిలవడతరా?"

కంపెనీ పేరుతో ఇక్కడ పనిలేదు. నాలుగైదు షెడ్లు మారినవాళ్లను అడిగితే గోడ రంగు తప్ప తేడా లేదన్నారు.

తెల్లవారకముందే తూప్రాన్, గజ్వేల్, నర్సాపూర్ వైపు నుంచి కంపెనీ బస్సులు వస్తాయి. దిగేవాళ్లలో సగానికి పైగా ఆడపిల్లలు, కొత్తగా పెళ్లయిన కోడళ్లు. చేతిలో టిఫిన్ డబ్బా, మెడలో ఐడీ కార్డు. ఒడిశా, బిహార్, జార్ఖండ్ కుర్రాళ్లు దగ్గరి ఊళ్లలో గదికి ఆరుగురు చొప్పున ఉంటూ నడిచి వస్తారు. గేటు దగ్గర మగవాళ్లకు ఒక వరస, ఆడవాళ్లకు ఒక వరస. ఫోన్ లాకర్లో పెట్టాలి. ఉంగరం, గొలుసు, పర్సు లోపలికి వద్దు. నీళ్ల సీసా ఉంటే లోపల ఏముందో కనబడేలా ఉండాలి. లోపలికి పోయేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి ఒళ్లంతా తడుముతారు. తిండికి ఇచ్చే అరగంటలో ఈ వరసలో నిలబడ్డ నిమిషాలు కూడా కలిసే ఉంటాయి.

షిఫ్టు మొదట అందరినీ నిలబెట్టి చేతులు చాపించి, మెడలు తిప్పించి, భద్రత గురించి నాలుగు మాటలు చెప్పిస్తారు. ఆ తర్వాత ఎవరి చేతికి వాళ్ల స్కానర్.

లోపల మొదట కొత్తగా అనిపించేది సరుకు సర్దిన తీరు. కిరాణా కొట్టులో సబ్బులన్నీ ఒకచోట, పప్పులన్నీ ఒకచోట ఉంటాయి. ఇక్కడ ఒకే అరలో టూత్‌పేస్టు, పక్కన పసిపిల్లల డైపర్లు, దాని మీద మిక్సీ గిన్నె, వెనక ఒక భగవద్గీత. సంత ముగిశాక మిగిలిన మూటలన్నీ ఒక్కచోట విప్పినట్టుంటుంది. ఇదంతా కావాలని చేసిందే. ఒకే రకం చొక్కాలు పక్కపక్కన ఉంటే సైజు తప్పి ఎత్తే అవకాశం ఎక్కువ. చొక్కా పక్కన గరిటె ఉంటే ఎవరూ పొరబడరు. ఖాళీ ఎక్కడుంటే అక్కడ పెట్టేయడం వల్ల జాగా కూడా కలిసొస్తుంది. ఏ వస్తువు ఎక్కడుందో మనిషికి గుర్తుండక్కర్లేదు, కంప్యూటర్‌కు తెలిస్తే చాలు.

పికింగ్ అంటే ఆ కంప్యూటర్ చెప్పిన చోటికి కాళ్లు ఈడ్చుకుపోవడం. స్కానర్ తెర మీద అంతస్తు, వరస, ర్యాకు, అర వస్తాయి. ట్రాలీ తోసుకుంటూ అక్కడికి పోవాలి. అర మీది స్టిక్కర్ స్కాన్ చేయాలి, బీప్. వస్తువు వెతికి తీసి స్కాన్ చేయాలి, బీప్. టోట్ అనే ప్లాస్టిక్ తొట్టెలో వేసి దాన్నీ స్కాన్ చేయాలి, బీప్. అప్పటికే తెర మీద తర్వాతి నంబరు సిద్ధంగా ఉంటుంది. నుదురు తుడుచుకునేందుకు ఆగితే ఆ ఆగడం కూడా నమోదవుతుంది. కొన్ని నిమిషాలు బీప్ లేకపోతే టీమ్ లీడర్ వచ్చి, "ఏమైందన్నా, ఐడిల్ చూపిస్తోంది" అంటాడు. అతను చెడ్డవాడేమీ కాదు. అతని పైవాడు అతని వరసల మొత్తం లెక్క చూస్తాడు.

గంటకు ఎన్ని వస్తువులు తీశామన్నదే ఇక్కడ 'రేటు'. వరసల చివర టీవీలో పేర్లు, పక్కన అంకెలు కనబడుతూ ఉంటాయి. వస్తువు కింది అరలో ఉందా, నిచ్చెన స్టూలు ఎక్కి తీసే పై అరలో ఉందా, దువ్వెనా, పది కిలోల పిండి బస్తానా అన్నది ఆ అంకె చూసి పోల్చుకోలేం.

నా వరసలో పని నేర్పినది టెక్కలి నుంచి వచ్చిన అమ్మాయి. ఇంటర్ పాసై, అక్క వెంట మేడ్చల్ చేరింది. నేను కింది అరలోకి వంగబోతుంటే భుజం పట్టి ఆపింది. "నడుం ఒంచకు బాబాయ్, మోకాళ్లు ఒంచు. సాయంత్రానికి తెలుస్తాది." తను అరలోకి చూసే తీరు వేరు. చేయి పెట్టకముందే కళ్లతో వెతుకుతుంది. వస్తువు బార్‌కోడ్ పైకి వచ్చేలా ఒక్క మణికట్టు తిప్పుతో తీస్తుంది. అప్పుడే స్కానర్ దాని ఎదుటికి వస్తుంది. ట్రాలీని ఎప్పుడూ వరస మొదట్లో వదిలి తను ముందుకు పోయి రెండు చేతుల్లో పట్టినన్ని తెస్తుంది. ఎందుకని అడిగితే, "బండి చక్రం ఒకటి అడ్డంగా తిరుగుతాది. దాన్ని తోసే కన్నా నడిసింది నయం" అంది. ఆ చక్రం మీద ఫిర్యాదు ఎప్పుడో రాశారట. చక్రం అలాగే ఉంది, దాని మూలంగా నడిచిన అడుగులు ఏ తెర మీదా లేవు.

ఎండ సంగతి వేరే చెప్పాలి. సెప్టెంబరు చివర్లో కూడా రేకుల షెడ్డు పై అంతస్తులో గాలి ఆడదు. వరసల చివర పెద్ద ఫ్యాన్లు ఉంటాయి, మధ్యకు వాటి గాలి అందదు. మే నెలలో ఎలా ఉంటుందని అడిగితే అమ్మాయి నవ్వి ఊరుకుంది. పక్కనున్న ఒడిశా కుర్రాడు మాత్రం, "ఒకరిద్దరు పడిపోతారు. గ్లూకోజ్ ఇస్తారు" అన్నాడు. మరుగుదొడ్డి షెడ్డుకు ఒక మూల ఉంటుంది. ఇంకో మూల నుంచి అక్కడికి పోయి రావడమంటే ఆ గంట రేటు మీద ఆశ వదులుకోవడమే. అందుకని ఆడపిల్లలు నీళ్లు తాగడం తగ్గిస్తారు. ఇది ఒక్క మేడ్చల్ బాధ కాదు. 2024లో హరియాణాలోని మానేసర్‌లో ఒక గోడౌన్ పనివాళ్ల చేత టార్గెట్ పూర్తయ్యేదాకా నీళ్లకు, మరుగుదొడ్డికి పోబోమని ప్రమాణం చేయించారని వార్తలు రాగా, జాతీయ మానవ హక్కుల కమిషన్ తనంత తానుగా ఆ విషయం చేపట్టింది.

జీతం ఏజెన్సీ ఇస్తుంది. చీటీలో పీఎఫ్ కింద మూల వేతనంలో 12 శాతం, ఈఎస్ఐ కింద 0.75 శాతం కోత కనబడుతుంది. నెలకు 21,000 రూపాయల లోపు జీతగాళ్లకు ఈఎస్ఐ వర్తిస్తుంది కాబట్టి ఈ షెడ్లలో దాదాపు అందరికీ ఆ హక్కు ఉన్నట్టే. టెక్కలి అమ్మాయికి ఆ కోత తెలుసు, ఆ కోతకు బదులుగా డిస్పెన్సరీలో వైద్యం దొరుకుతుందని తెలియదు. నడుం నొప్పికి మెడికల్ షాపులో బిళ్లలు కొనుక్కుంటోంది. పీఎఫ్ నంబరు ఒకటుంటుందని, ఏజెన్సీ మారినా అదే కొనసాగించుకోవచ్చని చెబితే పక్క వరస వాళ్లు కూడా ట్రాలీలు ఆపి విన్నారు. వెంటనే ఎవరి స్కానర్ వాళ్లను పిలిచింది.

రాత్రి లారీ

తొట్టెల్లో చేరిన సరుకు బెల్టు మీద ప్యాకింగ్ బల్లల దగ్గరికి పోతుంది. ఏ సైజు డబ్బా వాడాలో అక్కడి తెర చెబుతుంది. డబ్బా మడత విప్పి, అడుగు టేపు వేసి, సరుకు పెట్టి, గాలి సంచి దూర్చి, పైన టేపు వేసి, లేబుల్ అంటించి బెల్టు మీదికి తోయాలి. ఈ బల్లల దగ్గర ఎక్కువగా ఆడవాళ్లే. పొద్దుపోయేసరికి అట్టపెట్టె అంచులు వేళ్ల సందుల్లో గీసి గీసి మంట పుడుతుంది. పాతవాళ్లు ముందే వేళ్లకు ఆ టేపే చుట్టుకుని కూర్చుంటారు. కూర్చుంటారని మాటవరసకు అన్నాను, అక్కడ కుర్చీ లేదు.

లేబుల్ మీద పిన్ కోడ్ చూసి పార్సిళ్లను ఏ సంచిలో వేయాలో విడదీస్తారు. ఈ ఆరంకెల పద్ధతిని తపాలా శాఖ 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టింది. ఉత్తరాల కోసం పుట్టిన ఆ అంకెలే ఇవాళ కోట్ల రూపాయల ఆన్‌లైన్ వ్యాపారాన్ని మోస్తున్నాయి. మేడ్చల్ 501401, హైదరాబాద్ జీపీవో 500001. సంచులకు సీలు వేశాక లారీలకు ఎత్తుతారు. లారీలు బయల్దేరే వేళను 'కటాఫ్' అంటారు. అది దగ్గరపడే కొద్దీ షెడ్డులో ఎవరూ మాట్లాడుకోరు. పగటిపూట నగరంలోకి భారీ వాహనాలకు ఆంక్షలున్నాయి కాబట్టి కదలిక అంతా రాత్రే. తెల్లారేసరికి ఆ సంచులు పేటపేటలో ఉన్న చిన్న హబ్‌ల షట్టర్ల ముందు దిగుతాయి. నేనూ వాటి వెంటే ఊళ్లోకి వచ్చాను.

షాపూర్‌నగర్ గల్లీల్లో

జీడిమెట్ల, షాపూర్‌నగర్, చింతల్, గాజులరామారం. నర్సాపూర్ రోడ్డు పొడవునా ఉన్న ఈ పేటలు హెచ్‌ఎంటీ, ఐడీపీఎల్ లాంటి ప్రభుత్వ రంగ కర్మాగారాలనూ జీడిమెట్ల పారిశ్రామికవాడనూ నమ్ముకుని పెరిగాయి. తండ్రి ఫ్యాక్టరీకి పోయిన ఇంటి నుంచి కొడుకు ఇవాళ బండి మీద పార్సిళ్లు పంచడానికి పోతున్నాడు. నేను వెంట తిరిగిన కుర్రాడిది గజ్వేల్ పక్క ఊరు. డిగ్రీ మధ్యలో ఆపి ఈ పనిలోకి వచ్చాడు. నన్ను వెనక ఎక్కించుకుంటే పార్సిళ్ల సంచికి జాగా చాలదని, నేను ఇంకో బండి మీద వెంట పోయాను.

హబ్ అంటే ఒక అపార్ట్‌మెంట్ సెల్లారులో రెండు షట్టర్ల గది. ఆ రోజు అతని షీట్‌లో రిటర్న్ పికప్‌లతో కలిపి 64 ఉన్నాయి. పొద్దున్న ఏడింటికి నేల మీద వాటన్నిటినీ పరిచి మార్కర్ పెన్ను తీశాడు. ఒక్కో డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఏదో రాస్తున్నాడు. దగ్గరికి పోయి చూశాను. 'నీలం గేటు'. 'కుక్క'. '4, లిఫ్ట్ లేదు'. 'గుడి ఎనక'. 'రెండు తర్వాత పోవాలె'. 'అత్తమ్మ తీస్కుంటది'. లేబుల్ మీద కంపెనీ అచ్చేసిన చిరునామా ఉండగా మళ్లీ ఇదేమిటంటే, "అది చదివితే ఇల్లు దొరకది సార్. ఇది చదివితే దొరుకుతది" అన్నాడు. చివర ఇవ్వాల్సినవి సంచి అడుగున, మొదట ఇవ్వాల్సినవి పైన సర్దాడు. ఈ పనికి గంటన్నర పట్టింది. గంటన్నరకు కూలి లేదు. చేరిన పార్సిల్‌కే డబ్బు, అతని మాట ప్రకారం ఒక్కోదానికి 14 రూపాయలు.

హైదరాబాద్ ఇంటి నంబర్లు తెలిసినవాళ్లకు అతని మార్కర్ విలువ తెలుస్తుంది. జూబ్లీహిల్స్‌లో చాలా ఇళ్లకు నంబరు 8-2-293/82తోనే మొదలవుతుంది. ఆ తర్వాతి అక్షరాన్నో అంకెనో పట్టుకుని వెతకాలి. ఇటు కుత్బుల్లాపూర్ వైపు కాలనీ కంటే ముందు సర్వే నంబరు పుట్టింది. చాలామంది చిరునామాలో ఫ్లాటూ ప్లాటూ కలగలిపి రాస్తారు. సాయి రెసిడెన్సీలు గల్లీకొకటి. ఫోన్ మ్యాపు మనల్ని తెచ్చి వెనక గోడ దగ్గర నిలబెడుతుంది, గేటు అవతలి వీధిలో ఉంటుంది.

చింతల్‌లో ఒక అపార్ట్‌మెంట్ దగ్గర అతను ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. మూడోసారి ఎత్తి, ఓటీపీ భర్త ఫోన్‌కు వెళ్తుందని, ఆయన ఆఫీసులో ఉన్నాడని చెప్పారు. ఆయనకు ఫోన్ చేశాడు. మీటింగులో ఉన్నానన్నాడు. కింద ఎండలో నిలబడ్డాం. కాసేపటికి ఓటీపీ వచ్చింది. గేటు లోపల బోర్డు: డెలివరీ వాళ్లు లిఫ్ట్ వాడరాదు. నాలుగో అంతస్తు. ఎక్కాడు, ఇచ్చాడు, దిగాడు. 14 రూపాయలు. ఆ పదిహేను నిమిషాల్లో నేను తాగింది ఒక చాయ్, దాని ధర 15.

రిటర్న్ తీసుకోవడం ఇంకా చిక్కు. చీర వెనక్కి ఇస్తామంటారు. రంగు, ట్యాగు, మరక అన్నీ ఫోన్ తెర మీది ఫొటోతో సరిచూసుకోవాలి. సరిచూస్తుంటే, "మమ్మల్ని దొంగలనుకుంటున్నావా?" అని ఒక ఇంట్లో కోపం చేశారు. చూడకుండా తెస్తే, రేపు గోడౌన్‌లో వేరే చీర ఉందంటే ఆ సొమ్ము ఇతని ఖాతాలో కోత పడుతుంది. "నాకు ఎట్లయినా తిట్లే సార్. ఈడ పడితే పైసలు మిగుల్తయ్" అని నవ్వాడు. క్యాష్ ఆన్ డెలివరీ డబ్బు సాయంత్రం హబ్‌లో కట్టాలి, తక్కువైతే జేబులోంచి వేయాలి. అందుకే నగదు ఇచ్చే ఇంటి దగ్గర రెండుసార్లు లెక్కపెడతాడు, అదీ ఇంటివాళ్లకు నచ్చదు.

'కుక్క' అని రాసిన డబ్బా వంతు వచ్చింది. బండి హారన్ కొట్టి, గేటు బయటే నిలబడి, ఇంటివాళ్లు గొలుసు వేశామని చెప్పినా లోపలికి పోలేదు. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో డెలివరీకి వెళ్లిన ఒక యువకుడు, ఇంటి కుక్క మీదికి వస్తే తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. ఈ పనిలో ఉన్నవాళ్లెవరూ దాన్ని మరచిపోలేదు. ఇంటావిడ మాత్రం గేటు దాకా నడవాల్సి వచ్చినందుకు రెండు నక్షత్రాలే ఇస్తానంది. అవి కూడా ఇతని రేటింగులో కలుస్తాయి.

అందరూ అలా ఉండరు. గాజులరామారంలో ఒక ముసలమ్మ డబ్బా తీసుకుని, మమ్మల్ని అరుగు మీద కూర్చోమని చెప్పి రెండు చెంబుల నీళ్లు తెచ్చింది. జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీ వాచ్‌మన్ మా బండి చూడగానే రిజిస్టర్ తెరిచి ఎనిమిది పార్సిళ్లకు ఒక్కసారే సంతకం పెట్టి తీసుకున్నాడు. అలాంటివాళ్లు రోజుకు నలుగురు తగిలితే గంట కలిసొస్తుందని కుర్రాడు చెప్పాడు. మధ్యాహ్నం మేం తిన్నది ఒక పెట్రోల్ బంకు పక్కన చెట్టు కింద. తిండి కోసం కాదు, బంకులో మరుగుదొడ్డి ఉంది కాబట్టి అక్కడ ఆగుతారట.

సాయంత్రం ఏడు దాటాక హబ్‌కు చేరాం. 64లో 55 అయ్యాయి. తొమ్మిది వెనక్కి వచ్చాయి: తలుపు తాళాలు, ఎత్తని ఫోన్లు, వద్దన్న ఆర్డర్లు. వాటి కోసం ఎక్కిన మెట్లకు, తిరిగిన గల్లీలకు పైసా లేదు. 55 లెక్కన 770 రూపాయలు. హైదరాబాద్‌లో అప్పటికి లీటరు పెట్రోలు 107 రూపాయలు దాటి ఉండింది. గేర్లు మారుస్తూ, ఆగుతూ, కదులుతూ పోయే బండికి ఆ రోజు 150 రూపాయల పెట్రోలు పట్టింది. మిగిలింది 620. ఇందులోంచే బండి వాయిదా, టైరు, బ్రేక్ షూ, ఫోన్ రీచార్జి. జ్వరమొచ్చి ఒక రోజు పడుకుంటే ఆ రోజుకు ఏమీ లేదు.

చట్టం ఎంతవరకు వచ్చింది

షెడ్డులో ఉన్న టెక్కలి అమ్మాయికి చీటీ మీద అయినా పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయి. షెడ్డు దాటి బయటికి వచ్చిన పార్సిల్‌ను మోసే కుర్రాడికి అవి కూడా లేవు. కాగితం మీద అతను ఎవరి దగ్గరా ఉద్యోగి కాడు. నీతి ఆయోగ్ 2022 నివేదిక ప్రకారం 2020-21లో దేశంలో ఇలాంటి గిగ్ కార్మికులు 77 లక్షల మంది. 2029-30 నాటికి 2.35 కోట్లకు చేరతారని దాని అంచనా.

చట్టం కదిలిన మాట నిజమే. రాజస్థాన్ 2023లో దేశంలోనే మొదటిసారి గిగ్ కార్మికుల కోసం చట్టం చేసింది. అదే ఏడాది డిసెంబరులో తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి హైదరాబాద్‌లో ఈ కార్మికులతో సమావేశమై అయిదు లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించారు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం గిగ్, ప్లాట్‌ఫామ్ కార్మికుల బిల్లు ముసాయిదాను ప్రజల ముందు పెట్టింది. కేంద్రం 2020లో చేసిన సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ప్లాట్‌ఫామ్ కంపెనీలు తమ వార్షిక టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం, కార్మికులకు చెల్లించే మొత్తంలో అయిదు శాతం మించకుండా, సంక్షేమ నిధికి ఇవ్వాలి.

ఇవన్నీ కావలసినవే. కానీ బీమా పనికొచ్చేది పడిపోయాక. పడిపోయేలా పరుగెత్తించేది పార్సిల్ లెక్క. ఇల్లు వెతికిన సమయం, ఓటీపీ కోసం ఎండలో నిలబడ్డ సమయం, పొద్దున సర్దిన గంటన్నర, తలుపు తాళం చూసి వెనక్కి తిరిగిన నాలుగు అంతస్తులు ఆ లెక్కలో లేవు. గోడౌన్‌లో మనిషి ఆగిన నిమిషాన్ని పట్టుకోగల యంత్రం, గుమ్మం ముందు ఇంకో మనిషిని ఆపిన నిమిషాన్ని పట్టుకోలేదంటే నమ్మలేం. పట్టుకుంటే డబ్బివ్వాలి కాబట్టి పట్టుకోవడం లేదు. తిరిగిన దూరానికీ, కాచుకున్న కాలానికీ, చేరని పార్సిల్ కోసం చేసిన ప్రయత్నానికీ ఇంత అని చట్టం రాయనంత వరకు ఈ పనిలో సగం ఉచితంగానే జరుగుతుంది.

చట్టం వచ్చేలోగా మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. ఆర్డర్ పెట్టేటప్పుడు అంతస్తు, లిఫ్ట్, గేటు గుర్తు రాయండి. ఓటీపీ ఇంట్లో ఉండేవాళ్ల ఫోన్‌కు వచ్చేలా పెట్టుకోండి. తెలియని నంబరైనా పార్సిల్ రావాల్సిన రోజు ఫోన్ ఎత్తండి. కుక్క ఉంటే మీరే గేటు దాకా రండి. మీ అపార్ట్‌మెంట్‌లో డెలివరీ వాళ్లు లిఫ్ట్ ఎక్కకూడదన్న బోర్డు ఉంటే వచ్చే సంఘం సమావేశంలో దాన్ని తీసేయమని అడగండి. ఒక్కరు అడిగినా చర్చకు వస్తుంది, ఇద్దరు అడిగితే బోర్డు దిగుతుంది.